వానను ముందుకు పోనీ

రోహిణి కార్తె, బుధవారం

నిన్నటి పొద్దును ముందు రాసుకుంటాను. ఏమీ జరగని పొద్దు అది.

చీకటితోనే లేచాను. మా ఎర్రదిన్నెకు ఇంకా వాన వంతు రాలేదు కాబట్టి ముంగిట్లో చల్లడానికి చెంబెడు నీళ్లే. ముగ్గు సగం పొడిమట్టి మీదే పడింది. స్నానం అయ్యాక నంజుండేశ్వరుడి పటం ముందు దీపం వెలిగించి, విభూతి పెట్టుకుని, నామం చెప్పుకుంటూ కూర్చున్నాను. వంటింట్లో మరదలు కెంచమ్మ సంగటికి ఎసరు పెట్టింది. తమ్ముడు రుద్రప్ప అరుగు మీద కూర్చుని పారకు కొత్త పిడి బిగిస్తున్నాడు. అతను ఊరికి నీరుగంటి. చెరువు తూము తెరవడం, ఏ మడికి ఎంత తడి పోవాలో చూడడం అతని పని. తూర్పున కాపరులు కనిపించాయి. మబ్బులను తోలుకుపోయే చిన్న ఎగిరే యంత్రాలవి. ఒక మబ్బు తునక మందలోంచి తప్పి వెనకపడితే, ఒక కాపరి తిరిగొచ్చి దాన్ని అదిలించి తీసుకుపోయింది.

అప్పుడే గోడపెట్టె, శాఖ ఇంటింటికీ బిగించిన మాటల పెట్టె, మోగింది.

"మార్పుల పేజీ," అంది అందులో, ముందు రోజు నేను చదివి పంపిన నా గొంతు. "నక్కలగుంట వాన శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. గాలి అనుకూలంగా లేదు. మీరు చేయాల్సింది ఏమీ లేదు."

"ఏమీ లేదంట," అంది కెంచమ్మ తెడ్డు తిప్పుతూ. "వదినా, పొద్దున్నే పెట్టెలో ఊరంతటికీ జెప్తావు. ఇంట్లో మాత్రం నోరు తెరవవు. ఇదేం న్యాయం?"

"ఇంట్లో మాట్లాడేకి నువ్వుండావు కదమ్మే," అన్నాడు రుద్రప్ప.

అంతే. సంగటి అయింది, తిన్నాం, అతను చెరువు కట్ట చూడడానికి పోయాడు.

నా పని గురించి కూడా ఒక మాట. వానవంతుల శాఖ మార్పుల పేజీలో ఏ మార్పు వచ్చినా దాని కింద రెండు మూడు ముక్కల వివరణ ఉండాలి. ఏం మారింది, ఎందుకు మారింది, మీరేం చేయాలి. దొంగ గొంతుల ప్రకటనలు నమ్మి ఊళ్లు మోసపోయిన ఏడాది ఒక చట్టం వచ్చింది: వివరణ రాసిన మనిషే దాన్ని తన గొంతుతో చదవాలి. వివరణ లేని మార్పు అమల్లోకి రాదు. మా తాలూకాకు రాసేది, చదివేది నేను. శాఖకు పంపేముందు ప్రతి ముక్కనూ వంటింట్లో చదువుతాను. కెంచమ్మ చేతిలో పని ఆపకుండా వింటుంది. విని, ఏం చేయాలో తిరిగి చెప్పగలిగితే ఆ ముక్క నిలిచినట్టు. చెప్పలేకపోతే తప్పు నాది.

ఈ రోజు శాఖ నుంచి కొత్త మార్పు వచ్చింది. పెద్దది.

రోహిణి, శుక్రవారం

ఇన్నాళ్లూ చెరువు నిండగానే కాపరులు వానను ఆపేసేవి. పోయినేడు చాలా ఊళ్లు అర్జీలు పెట్టాయి. యంత్రం మా వానను మధ్యలో కోసేస్తోంది, మా చెరువు సంగతి మాకు తెలియదా అని. వాళ్ల మాటలో న్యాయం ఉంది. అందుకని ఇకపై ఆపేది యంత్రం కాదు, ఊరే. గోడపెట్టె కింద కొత్త మీట వస్తుంది. దాని మీద 'చాలు' అని ఉంటుంది. ఊళ్లో సగం ఇళ్లు నొక్కితే వాన ఆగుతుంది. ఏ ఇల్లు నొక్కితే ఆ ఇంటి పేరున చావడిలో ఒక పలక మీద దీపం వెలుగుతుంది.

ఇలా రాశాను:

"ఇకపై వానను ఆపేది మీరే. చెరువుకు సరిపడా పడ్డాక 'చాలు' నొక్కండి. సగం ఇళ్లు నొక్కగానే వాన ఆగుతుంది."

కెంచమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తూ వింది.

"ఏం చేయాలి?" అన్నాను.

"చెరువు నిండినాక నొక్కల్ల. సగం ఇండ్లోళ్లు నొక్కల్ల. దీంట్లో ఏముంది?"

శాఖలో మా పై అధికారి విశ్వనాథం గారు కూడా మెచ్చుకున్నారు. చదివి పంపాను.

మృగశిర కార్తె, బుధవారం

కొత్త మీట కింద మొదటి వంతు నల్లగుట్లది. నిన్న సాయంత్రం అక్కడి కుంట కట్ట తెగింది. గొర్రెల దొడ్లు కొట్టుకుపోయాయి. మనుషులంతా గుట్టెక్కి బతికారు. దేవుడి దయ.

కాపరులను నడిపే ఇంజనీరు మెహరున్నీసా ఫోన్ చేసింది. కదిరి పక్క అమ్మాయి. గొంతు అరిగిపోయి ఉంది.

"ఒక్క ఇల్లు నొక్కలేదక్కా. ఒక్కటంటే ఒక్కటి. చావడి పలక చీకటిగా ఉండాది. నేను చూస్తానే ఉండా. ఇంగ చూడలేక, నా తాళంతో కాపరులను నేనే మళ్లించినా. అప్పటికే కట్ట తెగింది. దానికి నాకు మెమో ఇచ్చినారు. తాళం తీసేసుకున్నారు."

"పెట్టెలు పనిచేశాయా?"

"చేసినాయక్కా. నీ మాట అందరూ విన్నారు. నేను పోయి అడిగినా. ఒక పెద్దాయన నీ మాటలు అక్షరం పొల్లు పోకుండా ఒప్పజెప్పినాడు. మరి ఎందుకు నొక్కలేదు తాతా అంటే నన్నే కోపంగా చూసినాడు."

ఫోన్ పెట్టాక చాలాసేపు పూజగదిలో కూర్చున్నాను. తరువాత వంటింట్లోకి వెళ్లి కెంచమ్మను అదే ముక్క మళ్లీ అడిగాను. ఈసారి ప్రశ్న మార్చాను.

"మన ఊళ్లో వాన పడుతోంది. చెరువు నిండింది. నువ్వు నొక్కుతావా?"

ఆమె చేతిలోని చేట ఆగిపోయింది.

"నేనా? వానను చాలనేకా? వదినా, నా నోరు పడిపోదూ? మా అమ్మ కరువులో నీళ్ల బండి కోసం బిందె పెట్టుకుని రోడ్డు మీద పండుకునేది. ఆ కడుపున పుట్టి నేను వానను పొమ్మంటానా?"

నేను అర్థమైందా అని అడిగాను. చేస్తావా అని అడగలేదు.

మృగశిర, గురువారం

పొద్దంతా మీట మీద పెట్టే మాటల కోసమే. మాటలు మార్చే హక్కు శాఖ వాళ్లకు కాదు, నాకే ఇచ్చింది చట్టం. ఒక్కొక్కటి తీసుకుని వంటింట్లోకి వెళ్తున్నాను, ఒక్కొక్కటి పోగొట్టుకుని వస్తున్నాను.

'నిండింది' అని పెడదామనుకున్నాను.

"పలక మీద మా ఇంటి పేరున దీపం పెట్టి నిండిందని చాటుకునేదా?" అంది కెంచమ్మ. "పక్కూరోళ్ల దిష్టి తగలదూ? నిండిన చెరువును నిండిందని ఎవురన్నా అంటారా?"

'సరిపోయింది' అంటే రుద్రప్ప నవ్వాడు. "అక్కా, ఈ సీమలో వాన సరిపోయిందన్నోడు ఇంతవరకు పుట్టలేదు."

విశ్వనాథం గారు ఒక ముక్క పంపారు. "నొక్కకపోతే కట్ట తెగుతుంది, ఇళ్లు మునుగుతాయి." నిజమే కదా, ఇంత కన్నా తేటగా ఏముంటుంది అని ఆయన వాదన. అదీ వంటింట్లో చదివాను. కెంచమ్మ లేచి, తడి టవల్ తెచ్చి గోడపెట్టె మీద కప్పేసింది.

"దీపం పెట్టే యాళ ఇంట్లో ఆ మాటేంది వదినా? నువ్వు రోజూ ఇదే చదివితే ఊళ్లో అన్ని పెట్టెల మీదా గుడ్డ పడుతుంది చూడు."

ఆమె మాట కాదనలేను. దీపం ముందు ఆ మాట నా నోటి నుంచి కూడా రాదు.

మృగశిర, శనివారం

వంతుల జాబితాలో మా ఊరు వచ్చింది. ఆరుద్రలో మొదటి శనివారం. ఊరంతా పండగలా ఉంది. రుద్రప్ప తూముకు నూనె రాస్తున్నాడు. నాకు మాత్రం కట్ట కింద ఇల్లు కనిపిస్తోంది.

మా చెల్లెలు గౌరమ్మను కింది ఊరు గుండ్లమడుగులో ఇచ్చాం. మా చెరువు కట్టకు దిగువన, వంక ఒడ్డునే ఆమె ఇల్లు, పట్టుపురుగుల కొట్టం. మా చెరువు నడుమ ఏనుగులా నిలబడిన బండ, ఏనుగురాయి, మునిగితే మరువ పారుతుంది, అంటే ఎక్కువైన నీరు పొర్లి వంకలోకి పోతుంది. మరువ మోయలేనంత నీరు వస్తే కట్ట నిలవదు. కట్ట తెగితే మొదటి గోడ గౌరమ్మదే.

గోడపెట్టెలో పిలిచాను. "ఆ వారం ఇక్కడికి వచ్చెయ్. నీ మొగుణ్ని కూడా పిలుచుకొని రా."

"యాడికొచ్చేదక్కా? పురుగులు నాలుగో నిద్ర లేచినాయి. ఆ వారానికే చంద్రిక తట్టలెక్కి గూడు కడతాయి. గూడు కట్టే పురుగును కదిలిస్తే దారం తెగిపోతుంది. వాటిని ఇడిచిపెట్టి నేను రాను."

"పురుగులు మళ్లీ పెంచుకోవచ్చు."

"నువ్వు మమ్మల్ని పెంచినప్పుడు ఎవురన్నా ఇట్లే జెప్పింటే ఇడిచిపెట్టి పోతుంటివా?"

మొండిది. చిన్నప్పటి నుంచీ అంతే. ఆమె రాదు కాబట్టి నీరే ఆమె దగ్గరికి రాకూడదు. ఇక మిగిలింది నా పనే.

మృగశిర, సోమవారం

మఠంలో దాసోహం, వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టే రోజు. సోమవారాలు వడ్డనకు వెళ్తాను. ఈ రోజు నా చేతికి చిత్రాన్నం గంప ఇచ్చారు. పంక్తి పొడుగ్గా ఉంది. మూడూళ్ల జనం వచ్చారు.

పంక్తి నడుమ ఒక ముసలమ్మ. ఆకు మీద అన్నం ఇంకా ఉంది. నేను గరిటె ముంచగానే ఆకు మీదికి వంగి చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందుకు పోనీ తల్లీ, ముందుకు పోనీ. అదో, ఆ బిడ్డ ఆకు ఖాళీగా ఉండాది. ఆ బిడ్డకెయ్యి."

వేశాను. పంక్తి చివరిదాకా వెళ్లి గంప దించాను. అప్పుడు కానీ నాకు తట్టలేదు. దాసోహంలో నా జన్మంతా వడ్డించాను. ఎవరి నోటా వద్దు అనే మాట వినలేదు. శివుడి ప్రసాదాన్ని ఎవరూ వద్దనరు. పక్కాకుకు పంపుతారు.

తిరిగి ముసలమ్మ దగ్గరికి వచ్చాను. "అవ్వా, మీ ఊరికి వాన వస్తే, మీ చెరువుకు అందినాక, పక్కూరికి పోనీ అంటావా?"

ఆమె నా మొహం కేసి చూసి, చెవి ఒగ్గి, "నువ్వు పెట్టెలో అక్కవి కదా!" అంది. "నీ గొంతు ఎప్పుడు విన్నా మా వానను ఎనక్కి జరుపుతావే! మా మిరపకాయలు మూడు సార్లు ఎత్తినాం, మూడు సార్లు ఆరబోసినాం." పంక్తి అంతా నవ్వింది. తరువాత మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, మెల్లగా చెప్పింది. "పోనీ అంటే అంటాను. పక్కూరోళ్లు కూడా బిడ్డలే కదా. అయితే పక్కూరికే పోవల్ల. నేను పొమ్మని, అది యాడో బండల్లో పడితే ఆ పాపం నాకే."

ఇంటికి వచ్చేదాకా ఆ చివరి మాటే. ముసలమ్మ అన్నదంతా కెంచమ్మకు చెప్పాను.

మృగశిర, మంగళవారం

మెహరున్నీసాకు ఫోన్ చేశాను.

"ఊరు ఆపగానే ఆ మబ్బు ఏమవుతుంది?"

"ఏమీ కాదక్కా. కాపరులు ఇడిచేస్తాయి. గాలి యాటు తీసుకపోతే ఆటు. బండల మీదా, కొండల మీదా పడుతుంది. కొన్నిసార్లు అసలు పడదు."

"పక్క ఊరికి తోలవచ్చా?"

కాగితం మీద ఏదో గీస్తున్న చప్పుడు.

"తోలొచ్చు. గుండ్లమడుగుకు ఎంత దూరమని? అయితే మబ్బులో నీళ్లు మిగిలుండల్ల. మీరు ఆఖరి చుక్కదాకా పిండుకుని, అప్పుడు పంపిస్తామంటే గొడ్డుమబ్బు పోతుంది. ఏనుగురాయి పూర్తిగా మునగకముందే నొక్కల్ల. నడుం కాడికి నీళ్లొచ్చినప్పుడు. అప్పుడు కట్టకీ భయం లేదు, కింది ఊరికీ తడి."

"అంటే మా చెరువు కొంచెం తక్కువ పడుతుంది."

"పడుతుందక్కా. అబద్ధం జెప్పను."

విశ్వనాథం గారికి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. పని ఎక్కువ, రాజధాని నుంచి ఆయన మీద ఒత్తిడీ ఎక్కువ.

"నంజమ్మ గారూ, 'ముందుకు పోనీ' చాలా బాగుంది. మీట మీద అదే పెట్టేద్దాం. ఈ రోజే చదివి పంపండి. కాపరుల దారి మార్చడం మాత్రం ఇప్పట్లో కుదరదు. దానికి పైవాళ్ల అనుమతులు కావాలి."

"అప్పుడు మబ్బు ముందుకు పోదు కదండీ."

"జనం నొక్కుతారు కదా! కట్ట నిలుస్తుంది కదా! మీ చెల్లెలి ఇల్లు అక్కడే అని మీరే చెప్పారు. మబ్బు ఎక్కడికి పోతే వాళ్లకేంటి, ఎవరు చూడొచ్చారు?"

నిజంగానే ఎవరూ చూడరు. ఈ ఒక్కసారికి కట్ట నిలుస్తుంది. గౌరమ్మ గోడ నిలుస్తుంది. కోరిక లేకపోలేదు. రాత్రి భోజనం ముందు దీపం దగ్గర కూర్చుని అడిగాను. నంజుండుడు విషం మింగినవాడు, దాన్ని అమృతమని ఎవరికీ పోయలేదు.

మృగశిర, బుధవారం

విశ్వనాథం గారికి ఇలా చెప్పాను:

"నేను చదవను. కాపరులు తోలుతాయన్న రోజు చదువుతాను."

"ఇంకో జిల్లా వాళ్లతో చదివిస్తాం."

"రాసిన మనిషే చదవాలి. చట్టం అది. వాళ్లనే రాసుకోమనండి. వాళ్లు కూడా వంటింట్లో చదివి చూస్తే అర్థమవుతుంది."

"అంటే ఈ మార్పే ఆగిపోతుంది. పాత పద్ధతీ, ఆ 'చాలు' మీటా తీసేశాం, కొత్తదీ లేదు. మీ ఊరి వంతే వాయిదా పడుతుంది. ఊరివాళ్లు మిమ్మల్ని ఏమంటారో ఆలోచించారా?"

ఆలోచించాను. సాయంత్రం రుద్రప్పకు చెప్పాను. అతను తూము తాళం చేతిలో తిప్పాడు.

"వాన వాయిదా పడితే నన్ను చావడిలో నిలబెట్టి తిడతారక్కా."

"నన్ను కదా తిట్టాల్సింది."

"నిన్నెవురు తిడతారు? నీ గొంతు పొద్దున్నే ఇనకపోతే వాళ్లకు తెల్లారదు. నన్నే తిడతారు." తాళం కింద పెట్టి మళ్లీ అతనే అన్నాడు. "సరేలే. తిట్టనీ. నేను మడి మడికీ తడి ఇస్తా. పైమడాయనకు ఒక మాట, కిందిమడాయనకు ఒక మాట జెప్తే ఈ పని చేయలేను. నీదీ అంతే కదా."

కెంచమ్మ మాత్రం గొణిగింది. "అక్కాతమ్ముళ్లు సత్యహరిశ్చంద్రులు. నడుమ నా రాగినారు ఎండిపోతుంది."

ఆమె బాధ కూడా నిజమే. రాసుకుంటున్నాను.

మృగశిర, శుక్రవారం

ఈ పొద్దు నా గొంతు లేకుండా తెల్లవారింది. పేజీలో ఆ మార్పు కింద ఖాళీ. గోడపెట్టె "వివరణ లేదు" అని మాత్రం అంది, అదీ చప్పుడు లాంటి గొంతుతో. ఇరుగుపొరుగు వచ్చి అక్కా ఒళ్లు బాగలేదా అని అడిగారు. కారణం చెప్పాను. ఒకరిద్దరు కోపంగా వెళ్లిపోయారు. ఒకాయన మెట్లు దిగి, మళ్లీ ఎక్కి వచ్చి, "మరి నిజంగానే గుండ్లమడుగుకు తోలితే నువ్వు నొక్కమని అంటావా?" అని అడిగాడు. అంటానన్నాను. "ఊఁ" అని పోయాడు.

మధ్యాహ్నం మెహరున్నీసా ఫోన్. నవ్వుతోంది.

"అక్కా, ఒప్పుకున్నారు! నీ ఖాళీ గడి చూసి పక్క జిల్లాల రాతగాళ్లు కూడా మేమూ చదవం అని కూర్చున్నారంట. రాజధానిలో ఎవురో పెద్దాయన అడిగినాడంట, తోలేకి ఏం కావల్లని. ఏమీ వద్దు, దారి మారిస్తే చాలని నేను ముందే రాసి పెట్టినా. సంతకం అయింది. నా తాళం తిరిగిచ్చినారు, దారి మార్చినా, వట్టి మబ్బును తోలి కూడా చూసినా. పోతుందక్కా. నీ చెల్లెలి ఇంటి మీదుగా పోతుంది."

విశ్వనాథం గారు ఫోన్ చేయలేదు. సందేశం పంపారు: "చదవండి." ఆయన వైపు నుంచి అది చిన్న మాట కాదు.

ఇలా రాశాను. కెంచమ్మ రాగిపిండి జల్లిస్తూ వింది.

"ఏనుగురాయి నడుము మునిగాక 'ముందుకు పోనీ' నొక్కండి. సగం ఇళ్లు నొక్కగానే మిగిలిన మబ్బును కాపరులు గుండ్లమడుగుకు తోలుతాయి. మీ చెరువు కొంచెం తక్కువ నిండుతుంది."

"ఆ చివరి ముక్క ఎందుకు వదినా? దాన్ని తీసేస్తే బాగుంటుంది."

"అది ఉండాలి."

"ఉంటే నొక్కరేమో."

"నువ్వు నొక్కుతావా?"

జల్లెడ రెండు సార్లు తట్టింది. పిండి రాలింది. "తెలీదు," అంది.

అబద్ధం చెప్పలేదు. పంపాను.

ఆరుద్ర కార్తె, శనివారం

మధ్యాహ్నం కాపరులు పడమటి నుంచి వచ్చాయి. మబ్బు మా చెరువు మీద ఆగింది. మొదటి చినుకులకు ఊరంతా వీధిలోకి వచ్చింది. పెద్దవాళ్లు కూడా తల మీద గుడ్డ తీసేసి తడిశారు. కెంచమ్మ ఇత్తడి గంగాళం తెచ్చి చూరు కింద పెట్టింది. దాంట్లో నీరు మోగుతుంటే పాట విన్నట్టు నిలబడింది.

రుద్రప్ప కట్ట మీద ఉన్నాడు. కబురు అక్కడి నుంచే. ముందు చిన్నదైన గొర్రెరాయి మునిగింది. ఏనుగురాయి కాళ్లు మునిగాయి.

పొద్దు వాలే వేళకు తడిసి ముద్దై ఇంటికి వచ్చాడు.

"నడుం కాడికి వచ్చింది," అన్నాడు. "చావడి కాడ జనం నిలబడి పలకనే చూస్తాండారు. ఒక్క దీపం లేదు. ఎవురు ముందో అని."

గోడపెట్టెలో గౌరమ్మను పిలిచాను. ఆమె వెనక నుంచి సన్నటి చప్పుడు వస్తోంది, వాన లాగే. పురుగులు చివరి ఆకు తింటున్న చప్పుడు అది.

"ఎక్కినాయా?"

"సగం ఎక్కినాయక్కా. ఇంకా సగం తింటాండాయి. ఇక్కడ ఒక చినుకు లేదు. వంకలో నీళ్లు పెరుగుతాండాయి. నా కోసమని మీరేమీ చేయొద్దండి. ఊరి చెరువు అది."

అందరం కూర్చున్నాం. దీపం పెట్టాను. వాన చప్పుడులో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

రుద్రప్ప చెప్పాడు: ఇప్పుడు నొక్కితే ఆయకట్టు చివరి మడికి రెండో తడి అందదు. ఎవరి మడి ఎండబెట్టాలో రేపు అతనే చెప్పాలి. చెప్పిన వాడి ముఖం ఊరు మర్చిపోదు. ఆగితే ఏనుగురాయి మునుగుతుంది, మరువ పారుతుంది. కట్ట నిలవొచ్చు, నిలవకపోవచ్చు. నిలుస్తుందని అతను చెప్పలేడు.

గౌరమ్మ పెట్టెలోంచే అంది: "నేను ఇల్లు ఇడవను. అది మాత్రం అడగొద్దు."

కెంచమ్మ అంది: "వదిన నొక్కకూడదు. వదిన నొక్కితే గవర్నమెంటు నొక్కినట్టుంటుంది. జనం చూసేది పెట్టెలో గొంతును కాదు, పక్కింటి దీపాన్ని." నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

ఈ సాయంత్రం ఇంట్లో అనుకున్నది ఇది. ఏనుగురాయి నడుము దగ్గరే మా ఇల్లు నొక్కుతుంది. ఎవరి కోసమూ ఆగదు. తక్కువ పడే తడిని ఊరి మీద పంచం. ఆయకట్టు నడుమ ఉన్న మా మడినే ఈ కారు పంటకు బీడు పెట్టి, దాని తడిని చివరి మడికి ఇస్తాం. ఆ మాట ఇప్పుడే రుద్రప్ప చావడికి పోయి, నొక్కకముందే అందరి ముందూ చెబుతాడు. గౌరమ్మ తన ఇంట్లోనే ఉంటుంది, పెట్టె తెరిచే ఉంచుతుంది. మెహరున్నీసాకు నేను కబురు చేస్తాను. నొక్కేది కెంచమ్మ.

రుద్రప్ప పార భుజాన వేసుకుని వెళ్లాడు. అతను చావడి చేరి మాట చెప్పేంతసేపు ఆగి, కెంచమ్మ గంగాళాన్ని చూరు కింది నుంచి లోపలికి జరిపింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, గోడపెట్టె ముందు నిలబడి, వడ్డించే మనిషి ముందు ఆకు మీద పెట్టినట్టు మీట మీద అరచెయ్యి పెట్టింది.

"ఆ బిడ్డకెయ్యి," అంది, పైకి చూస్తూ.